పద్దెనిమిది ఫ్రేములు

ఒకసారి నేను నా డైరీకి అబద్ధం చెప్పాను. ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. పదమూడో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. చదివేవాళ్లెవరూ లేరు కాబట్టి అబద్ధం రాయాల్సిన అవసరం కూడా ఎప్పుడూ రాలేదు. అయినా ఒక పేజీలో, నీలం ఇంకుతో, తీరికగా రాసిన గుండ్రటి అక్షరాల్లో, ‘ఆ బొట్టు ఆలోచన నాదే’ అని ఉంది.

ఈ ఉదయం జూబ్లీ హిల్స్‌లో నేను పనిచేసే ఎడిటింగ్ ఆఫీసులో కొత్త మానిటర్ బిగించారు. ఆన్ చేసే ముందు మా మేనేజరు గారు దాని అంచుకు పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, పళ్లెంలో కర్పూరం వెలిగించారు. ఏసీ గది కావడంతో పొగ ఎటూ పోలేక తలుపు దగ్గరే వేలాడుతూ ఉండిపోయింది. తడి పసుపు వాసనా, కొత్త ప్లాస్టిక్ వేడెక్కే వాసనా కలిసి ముక్కుకు తగిలేసరికి పానకాలరావు మాస్టారు గుర్తొచ్చారు. ఆయన్ని మీరెరగరు. ఏ పోస్టరు మీదా ఆయన పేరు పడలేదు. మంగళగిరి నుంచి కుర్రతనంలో వచ్చి, ముప్పై ఏళ్లకు పైగా ఎడిటర్ల దగ్గర సహాయకుడిగా ఉండి, ఫిల్మును కత్తెరతో కోసి అంటించిన రోజులనూ, కంప్యూటర్లు వచ్చిన రోజులనూ రెండింటినీ చూసినవారు. నేను చేరేనాటికి ఫిల్మ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటరు పై అంతస్తులో నడిచే చిన్న సినిమా శిక్షణ సంస్థలో మాకు ఎడిటింగ్ చెప్పేవారు. పాఠం మధ్యలో కింద నుంచి దోసెల పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు వస్తే ఒక్క క్షణం ఆగి, అది పూర్తయ్యాక మళ్లీ మొదలుపెట్టేవారు.

మొదటి రోజు వరసగా పేర్లడిగారు. నా వంతు వచ్చేసరికి తల వంచుకుని నోట్‌బుక్కు తిరగేస్తూ ఉండిపోయాను. పక్క కుర్చీలో ఉన్న శ్రీకాంత్, అప్పటికి నాకు పరిచయమై అరగంట కూడా కాలేదు, అందుకున్నాడు.

“సార్, ఆమె పేరు హారిక. గట్టిగ చెప్పదు, మీరే రాసుకోండ్రి.”

మాస్టారు కళ్లజోడు పైనుంచి చూశారు. “నిన్నడిగానా బాబూ? పోనీ, నీ పేరు ఆవిణ్ణి చెప్పమను.”

క్లాసంతా నవ్వింది. నవ్వు మధ్యలో నేను “శ్రీకాంత్ అండీ” అన్నాను. “వినబడింది” అని రాసుకున్నారు. ఆ క్లాసులో నేను మాట్లాడిన మొదటి మాట అది.

ఆయన పద్ధతి ఒకటుండేది. ఎవరు ఏం తీసుకొచ్చినా మూడుసార్లు చూసేవారు. మొదటిసారి శబ్దం లేకుండా. రెండోసారి కళ్లు మూసుకుని శబ్దం మాత్రమే. మూడోసారి రెండూ కలిపి. ఆ తర్వాత బాగుందనీ బాగాలేదనీ అనకుండా ఒకే ఒక్క ప్రశ్న అడిగేవారు: “ఇందులో నువ్వు దాచిందేంటి?” మొదట్లో మాకు అర్థమయ్యేది కాదు. ఒకడు చాలా సేపు ఆలోచించి, హీరోగా వేసిన తన అన్నయ్యకు బట్టతల అని ఒప్పుకున్నాడు. “ఆ, అలాంటివే” అన్నారు మాస్టారు.

కోర్సు చివర్లో ఒక్కటే పరీక్ష. ఇద్దరిద్దరు కలిసి ఒక క్రైమ్ థ్రిల్లర్‌కి మొదటి రెండు నిమిషాలు తీయాలి. తరవాత ఎవరికి వాళ్లు, ప్రతి షాటూ ఎందుకు అలా పెట్టామో, ఎక్కడ నెగ్గామో, ఎక్కడ తప్పామో రాసి, అందరి ముందూ చదవాలి. ఆ రెండింటినీ చూసి నలుగురిని ఎడిటింగ్‌లోకీ, నలుగురిని కెమెరాలోకీ తీసుకుంటారు. మిగిలినవాళ్లంతా ప్రొడక్షన్‌కు. ప్రొడక్షన్ అంటే సెట్లో వాకీటాకీ పట్టుకుని వందమందిని అదిలించడం. నేను బస్సులో ‘ఆపండి’ అనలేక ఒక స్టాపు అవతల దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని. ఆ నాలుగు సీట్లలో ఒకటి దక్కకపోతే సినిమాల్లో నాకు చోటు లేదని నాకు బాగా తెలుసు. యూసుఫ్‌గూడలో మా ఇల్లు. నాన్న కాస్ట్యూమ్స్‌లో దర్జీ. ఆయన కూడా అదే అన్నారు, ఇంకాస్త మెత్తగా.

శ్రీకాంత్‌ది కెమెరా. నాది కథ, ఎడిటింగ్, కంటిన్యూటీ. అంటే ఒక షాటులో ఉన్నది తర్వాతి షాటులో తేడా లేకుండా ఉందో లేదో చూసి నోట్‌బుక్కులో రాసుకోవడం. మా కథ చిన్నది. ఒక ఇంట్లో ఒకతను వంటింటి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటాడు. సొరుగు తెరిచి కత్తి తీసి న్యూస్‌పేపర్లో చుడతాడు. అవతలి గదిలో ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. అతను వెళ్లిపోతూ, పొయ్యి మీద పాలు పొంగబోతుండటం చూసి, వెనక్కొచ్చి స్టవ్ కట్టేసి, అప్పుడు బయటికి నడుస్తాడు. అక్కడ టైటిల్ పడుతుంది. ఆ పాలు పెట్టిన మనిషి ఇక లేదని ప్రేక్షకులకు అప్పుడు తెలియాలి. కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది ఆ పాలే.

షేక్‌పేట పాత ఊర్లో శ్రీకాంత్ వాళ్లింట్లోనే తీశాం. హంతకుడు వాళ్ల చిన్నాయన. లారీ నడుపుతాడు, ఎవర్ని చూసినా ముందు నవ్వేస్తాడు, ఆ నవ్వు ఆపించడానికే ఒక పూట పట్టింది. మొదటి షాటుకు ముందు ముహూర్తం చేయందే కుదరదన్నాడు శ్రీకాంత్. దేవుడి పటం, కొబ్బరికాయ, కర్పూరం, అన్నీ సిద్ధం చేశాడు. వాళ్లమ్మ పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకొచ్చి కెమెరాకు, స్టాండుకు, లైట్లకు, క్లాపు బోర్డుకు వరసగా బొట్లు పెట్టింది. పళ్లెంలో ఉన్న కత్తిని కూడా వదల్లేదు.

“దానికెందుకమ్మా?” అన్నాడు శ్రీకాంత్.

“ఇనుప వస్తువు బిడ్డా. బొట్టు లేకుండ ఎట్ల ముట్టుకుంటరు?”

మాకూ సబబే అనిపించింది. దసరాకు నాన్న కుట్టుమిషనుకు పెట్టడం నేను ఎరిగిందే. తర్వాత షాటుకు ముందు ఆ కత్తిని ఎవరో ఒకరు తుడిచే ఉంటారని ఇద్దరం అనుకున్నాం. చూడాల్సింది నేను. ఆ సమయంలో నేను నోట్‌బుక్కులో చిన్నాయన చొక్కా గుండీలు ఎన్ని పెట్టుకున్నాడో రాసుకుంటున్నాను.

ఎడిటింగ్‌లో చూశాను. సొరుగు తెరుచుకుంటుంది, చెయ్యి లోపలికి వెళ్తుంది, చెక్క పిడి మీద పసుపు, దాని మధ్య గుండ్రంగా ఎర్రటి బొట్టు. మళ్లీ తీద్దామంటే చిన్నాయన అప్పటికే సరుకేసుకుని నాగపూర్ వెళ్లిపోయాడు, మర్నాడే ప్రదర్శన. ఆ షాటు తీసేస్తే కత్తి సంగతే తెలియదు. రెండు సెకన్లకు పైగా ఉన్న షాటును పద్దెనిమిది ఫ్రేములకు కోశాను. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు కాబట్టి, అది ఒక్క సెకను కూడా కాదు. కన్ను అటు పోకుండా చెవిని లాగేయాలని ఫోన్ మోతను కూడా సరిగ్గా ఆ షాటు మీదికే జరిపాను.

ప్రదర్శనకు ఒక దర్శకుణ్ణి పిలిచారు. మా రెండు నిమిషాలు అయ్యాక ఆయన లేచి నిలబడ్డారు. “ఆ కత్తి మీద బొట్టు చూశారా?” అని క్లాసునడిగారు. “పూజ చేసుకుని చంపడానికి బయల్దేరిన మనిషి. ఒక్క మాట లేదు. రెప్పపాటులో చెప్పి వెళ్లిపోయారు. ఎవరి ఆలోచన ఇది?”

శ్రీకాంత్ నా వైపు చూశాడు. నేను తలూపాను. చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నా కోసం ఒక గదిలో చప్పట్లు వినడం అదే మొదలు. ఆ సాయంత్రమే డైరీలో ఆ వాక్యం రాసుకున్నాను. రాస్తే నిజమవుతుందేమోనని కాబోలు.

ఆ తర్వాత రాయాల్సిన వ్యాసంలో ఆ బొట్టు గురించి మూడు పేజీలు రాశాను. భక్తి, హింస, వాటి మధ్య సన్నటి గీత, ఇలాంటివన్నీ. చదివిన పుస్తకాలన్నీ అక్కరకొచ్చాయి. పాల గురించి ఒక లైను. అందరికంటే ముందు మాస్టారుకిచ్చాను. రెండు రోజుల తర్వాత క్లాసయ్యాక ఉండమన్నారు. మా సినిమా పెట్టి, సొరుగు దగ్గర ఆపారు.

“ఈ షాటు ఎంతుందమ్మా?”

“పద్దెనిమిది ఫ్రేములండీ.”

“దీని మీద మూడు పేజీలు రాశావు. చూపించాలనుకున్న ఎడిటరు చెయ్యి కాసేపు ఆగుతుంది. ఇది ఆగలేదే. పారిపోయింది.”

నేను తెర మీద ఆగిపోయిన ఆ బొట్టునే చూశాను.

“ఫోను కూడా ఇక్కడికే తెచ్చిపెట్టావు.” కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. “కేకలేస్తాననుకుంటున్నావా? భయపడి కోశావు గానీ బాగా కోశావు. అందుకే అందరూ దాన్ని పట్టుకున్నారు. సరే, అది వదిలెయ్. పాల గురించి ఒక్క లైనేంటి?”

“ఎవరూ అడగలేదండీ.”

“నేనడుగుతున్నాగా.”

చెప్పాను. చంపగలిగినవాడు కూడా పాలు పొంగిపోతుంటే చూస్తూ ఊరుకోలేడని, ఇంటి అలవాట్లు మనిషిలో అంత లోతుగా ఉంటాయని, అందుకే వాడంటే నాకు ఇంకా భయమని. బహుశా పది నిమిషాలు మాట్లాడి ఉంటాను. ఆయన అడ్డు రాలేదు. అంతా విని, నా కాగితాలు నాకే ఇచ్చేశారు. “సోమవారం చదవాలి. ఏం చదువుతావో నీ ఇష్టం. ఇవి నేను చూడలేదనుకో.”

ముందు శ్రీకాంత్‌కు చెప్పాలి. కింద టిఫిన్ సెంటరు దగ్గర చెప్పాను.

“నీకు దిమాక్ గిట్ల ఖరాబైందా? ఇద్దరికి సీటొచ్చేటట్టుంది. గిప్పుడు పోయి తప్పు చేసినమని చెప్తవా?”

“చేసినం కాదు. నోట్‌బుక్ నా చేతిలో ఉంది. నేనే చేశాను.”

“మా అమ్మ గల్లీ గల్లీ తిరిగి చెప్పింది తెల్సా? డైరెక్టర్ సారు నా బొట్టును మెచ్చుకున్నడని.” గ్లాసులో మిగిలిన టీ తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టాడు. చివరికి, “రాయి” అన్నాడు. “కానీ ఆ షాటు మంచిగ ఫోకస్‌ల ఉందని గూడ రాయి.”

సోమవారం ఆ దర్శకుడు మళ్లీ వచ్చారు. లేచి నిలబడ్డాను. మొదటి వాక్యం ఎవరికీ వినబడక రెండుసార్లు చదవాల్సి వచ్చింది. బొట్టు పొరపాటున ఉండిపోయిందని, చూడాల్సింది నేనని, సిగ్గుపడి దాన్ని కోశానని, అడిగినప్పుడు నాదేనని తలూపానని చదివాను. షాటు ఫోకస్‌లో ఉందని కూడా. 

“అంటే, మొన్న నేను ఒక పొరపాటును పట్టుకుని అంతసేపు మాట్లాడానా?” అన్నారాయన. ఆయనకు కోపం వచ్చిందో లేదో ఎవరికీ అర్థం కాలేదు.

వెనక బెంచీ నుంచి మాస్టారు గొంతు వినిపించింది. “మేమూ మాట్లాడుకున్నాం లెండి సార్. మీరు మైకులో మాట్లాడారు, అంతే తేడా.”

దర్శకుడికి నవ్వొచ్చింది. నవ్వాక నా వైపు తిరిగి, “మరి ఇందులో మీరు నిజంగా ఆలోచించి పెట్టిందేంటి?” అన్నారు.

“పాలండీ.”

“ఏ పాలు?”

మళ్లీ వేయించి చూశారు. ఈసారి బొట్టు దగ్గర ఎవరూ కదల్లేదు. పాలు పైకి లేస్తున్నప్పుడు ముందు వరసలో ఎవరో ఊపిరి బిగబట్టడం వినిపించింది. చిన్నాయన చెయ్యి స్టవ్ కట్టేసింది. దర్శకుడు కాగితం మీద ఏదో రాసుకున్నారు.

ఎడిటింగ్ నలుగురి జాబితాలో నా పేరు నాలుగోది. కెమెరాలో శ్రీకాంత్ రెండు. ఆ రోజు కిందికి దిగి, వారం నుంచి సరిగ్గా తినని నేను రెండు ప్లేట్ల ఇడ్లీ తిన్నాను. నిద్రపోయి లేచినట్టుంది ఒళ్లంతా. పట్టుబడతానేమోనని ఇక ఎవరి మొహమూ వెతకనక్కర్లేదు. సీటు వచ్చినందుకు కంటే దానికే ఎక్కువ తేలికపడ్డానని ఇప్పుడనిపిస్తుంది.

తర్వాత రెండేళ్లు సంస్థ ఎడిటింగ్ గదిలో మాస్టారు దగ్గరే సహాయకురాలిగా ఉన్నాను. ఆయన ఎక్కువ చెప్పేవారు కాదు, నేనూ ఎక్కువ అడిగేదాన్ని కాదు, మా ఇద్దరికీ బాగా కుదిరింది. ఇప్పటికీ ప్రతి సినిమాకూ ఒక కాగితం రాస్తాను. ఎక్కడెక్కడ ఏం కప్పిపుచ్చానో, ఎందుకో. దర్శకుడికి సినిమాతో పాటు అది కూడా ఇస్తాను. కొందరు వింతగా చూస్తారు. ఒకాయన, ‘ఇలా రాసిస్తే మీ మీద నమ్మకం ఎలా కుదురుతుందండీ’ అన్నారు. ఆయనే తర్వాతి సినిమాకు పిలిచారు.

షుగరు వల్ల చూపు తగ్గిపోయి మాస్టారు మంగళగిరిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. నేను సొంతంగా చేసిన మొదటి పెద్ద సినిమా విడుదలకు ముందు ఫోన్ చేశాను. ఒక పాట చివర కథానాయిక గాజులు ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారిపోయాయని, ఎంత ప్రయత్నించినా దాచలేకపోయానని, నిర్మాతకు ముందే చెప్పేశానని, అయినా మనసు పీకుతోందని చెప్పాను. ఎన్ని ఫ్రేములని అడిగారు. చెప్పాను. ముందు షాటులో ఏముందని అడిగారు. అదీ చెప్పాను.  ఆ ఇంటి వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపించింది. వచ్చే నెల ఆయన హైదరాబాదు వస్తే ముందు వరసలో కూర్చోబెట్టి, దగ్గరగా చూపిస్తానన్నాను. తొమ్మిది రోజుల తర్వాత ఆయన పోయారని తమ్ముడు ఫోన్ చేశారు. ఆ కబురు విని చాలాసేపు ఏడ్చాను గానీ, ఆయనకు చెప్పాల్సింది ఏదీ మిగిలిపోలేదని కూడా తోచింది. ఎందుకంటే ఆ రోజు, ఫోన్ పెట్టేసే ముందు, ఆయన నాతో అన్న చివరి మాట ఇది:

“నువ్వు చెప్పావుగా అమ్మా. ఇక నేను చూడక్కర్లేదు.”