ముల్లు ఎడమకు తిరగాల్సిన రోజు

మొన్న నంద్యాలలో మా కోడలు నల్లటి పళ్లెం లాంటిదొకటి కొనితెచ్చి, దాని మీద ఫోను పడుకోబెట్టి, తీగ గుచ్చకుండానే చార్జింగు ఎక్కుతోంది చూడు మామా అని చూపించింది. పళ్లెంలో ఒక తీగచుట్ట, ఫోనులో ఒకటి. పక్కపక్కన ఉంటే చాలు, ఒకదానిలో కరెంటు మారినప్పుడల్లా రెండోదానిలో పుడుతుంది. అది ఎటు పారుతుందని మా కోడలు అడగలేదు. నా జీవితంలో ఆ ప్రశ్న అడిగినాయన ఒక్కడే, ఆయనతోనే నాకు చాలైంది.

మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, డిగ్రీ చివరి సంవత్సరం ఫిజిక్సు ప్రాక్టికల్ అంటే ఇస్త్రీ చొక్కా వేసుకుని, రికార్డుకు కొత్త అట్ట వేసుకుని, ఆళ్లగడ్డ నుంచి నంద్యాల దాకా బస్సులో ఆ చొక్కా నలగకుండా నిలబడి పోవడం. ఆ పరీక్ష నాకు మామూలుకన్నా కొంచెం ఎక్కువ అవసరం. ఆళ్లగడ్డ మిషను బడిలో హెడ్మాస్టరైన మా మేనమామ సైన్సు టీచరు ఉద్యోగమొకటి నా కోసం ఆపి, ఫలితాలు వచ్చేదాకా మాత్రమే ఆపగలనని చెప్పి ఉన్నాడు. అమ్మ ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి ఆ ఉద్యోగమే అడిగేది. దాంతో అంతవరకూ నవ్వుతూ, నవ్విస్తూ గట్టెక్కిన నేను మొదటిసారి నిజంగా చదివాను. అదే కొంప ముంచింది.

ప్రయోగం చిన్నదే. ఎదురెదురుగా రెండు తీగచుట్టలు, మొదటిదానికి బ్యాటరీ, మీట. రెండోదానికి ముల్లున్న మీటరు. రెండో చుట్ట స్వభావం మా ఇంటి పెద్దల లాంటిది. కొత్తగా ఏదైనా వస్తుంటే అడ్డం పడుతుంది, ఉన్నది పోతుంటే పట్టుకుని వేలాడుతుంది. అందుకే మీట నొక్కగానే దానిలో కరెంటు మొదటిదానికి ఎదురుగా పుడుతుంది, వదిలితే దాని దిశలోనే పుడుతుంది. చుట్టల మీద గుడ్డ కుట్టి ఉంటుంది కనుక, ల్యాబు గోడ మీది పటంలో తీగ చుట్టిన తీరు చూసి, కుడిచేతి వేళ్లు మడిచి, బొటనవేలు చాపి, నొక్కితే ముల్లు ఎడమకు పోవాలని తేల్చుకున్నాను. మా కాలేజీ ఆచారం వేరు. ముందు ముల్లును దొంగచూపు చూసుకుని, తర్వాత దానికి తగినట్టు బొటనవేలు తిప్పుకునేవాళ్లు.

నాకంటే ముందు జట్టులో లోపలికి పోయిన నా బెంచీ మిత్రుడు బయటికి రాగానే నా చెవిలో ఊదాడు.

"నొక్కితే కుడికి, వదిలితే ఎడమకి. అంతే చెప్పు."

"కుడికెట్లా పోతాదప్పా? ఎడమకి పోవల్ల."

"నా కండ్లతో చూసినా. ఇంగ నీ ఇష్టం."

బయటి నుంచి వచ్చిన పరీక్షాధికారి నన్ను మాత్రం కరెంటు ఎటు పారుతుందో, ముల్లు ఎటు పోతుందో ముందు చెప్పి తర్వాత నొక్కమన్నాడు. చేతులు తిప్పి, కారణంతో సహా ఎడమకని చెప్పాను. నొక్కాను. ముల్లు ఏ మొహమాటమూ లేకుండా కుడికి పోయింది.

"చుట్ట తిరగేసి చుట్టినారేమో సార్. పైన గుడ్డ తీస్తే తెలుస్తాది."

"అంటే నువ్వు కరెక్టు, చుట్ట తప్పు. అంతేనా?"

గదంతా నవ్వింది. మామూలుగా ఆ నవ్వు నేను తెప్పించేవాణ్ణి. కాలేజీ ఆస్తి కనుక గుడ్డ విప్పనివ్వలేదు. ఆ సూత్రం నాకు నేర్పిన మా లెక్చరరు కిటికీలోంచి సైకిళ్ల షెడ్డును శ్రద్ధగా పరిశీలించాడు. పరీక్ష జరుగుతుండగా ఆయన నోరు విప్పకూడదు.

బయటికొచ్చి మెట్ల మీద కూలబడితే ల్యాబు అటెండరన్న ఏమైందని అడిగాడు. చెప్పాను.

"అదా! ఆ చుట్ట మొన్న కాలిపోతే మా ఊరు ఆళ్లగడ్డలో బోరుమోటార్లు చుట్టే ఆయప్పతో చుట్టిచ్చుకొచ్చినా. ఎట్ల చుట్టినాడో ఏమో."

"ఈ మాట లోపల చెప్పొచ్చు కదన్నా!"

"నన్నెవరన్నా అడిగినారా?"

న్యాయమైన మాటే. పరిగెత్తాను. తలుపు గడియ పడింది. సాయంత్రం తెరిచేసరికి మార్కుల కవరు మీద లక్క కూడా ఆరిపోయింది. తప్పాను.

మేనమామ బడి కమిటీని బతిమాలి చూశాడు, వాళ్లు ఆగలేదు. ఉద్యోగం నా బెంచీ మిత్రుడికి వచ్చింది. చేరబోయే ముందు వాడు మా ఇంటికొచ్చి, కాసేపు ఎండల గురించి మాట్లాడి, "ఆ చేతుల లెక్కేందో ఒకసారి చెప్పప్పా, పిల్లోళ్లు అడిగితే ఏం చెప్పల్ల" అన్నాడు. రెండు చెంబులకు పురికొస చుట్టి, తెల్లారి బడిలో చెప్పుకోవడానికి వీలుగా, ఓపికగా చెప్పాను. లోపల అమ్మ గిన్నెలు కొంచెం గట్టిగా తోమింది.

తర్వాత నేను సప్లిమెంటరీలో ముందు ముల్లు చూసుకునే పాసై, అవుకులో ఒక ఆఫీసు కుర్చీలో రిటైరయ్యాను. వాడు రిటైరైన రోజు సన్మానానికి పిలిస్తే పోయాను. తలలు నెరిసిన పాత విద్యార్థులు వేదిక మీద వేళ్లు మడిచి, బొటనవేళ్లు చాపి, మా సారు చెప్పిన ఈ పాఠం చచ్చేదాకా మరిచిపోం అన్నారు. చెప్పిన తీరు నాదే, నేను పురికొసతో చెప్పినట్టే. వాడు వేదిక మీంచి నా వైపు చూశాడు. నేను చప్పట్లు కొట్టాను. చేయగలిగింది అదొక్కటే.

ఇప్పుడైతే నేను తప్పేవాణ్ణి కాదు. రికార్డు రాసిస్తే చాలట, అందరికీ నిండు మార్కులట, మా మనవరాలు చెప్పింది. వాళ్ల ల్యాబులో తీగచుట్టలు అట్టపెట్టెల్లోంచి బయటికే రాలేదట. ఎవరికీ అన్యాయం జరగడం లేదు. ముల్లు కూడా ఎటూ కదలడం లేదు.