గొంతు మింగిన పెట్టె

డెబ్బైల చివర్లో నేను సత్యవేడులో రేడియోలు బాగుచేసేవాణ్ణి. మా చర్చిలోని వాల్వు ఆంప్లిఫయర్‌లో అయ్యగారి ప్రసంగం గుయ్యిమని మోగేదే తప్ప మాట తెలిసేది కాదు. ట్రాన్సిస్టర్ సెట్ల కోసం ఒక పత్రికలో వచ్చిన, గుయ్యిమనే మోతను తగ్గించి మాటను తేటపరిచే ఈక్వలైజర్ సర్క్యూట్‌ను వాల్వులకు సరిపడేలా మార్చి, ఒక పెట్టెలో అమర్చి, ప్రార్థన చేసుకుని ఆదివారం బిగించాను. ఇకమీద ప్రతి మాటా అందరికీ వినిపిస్తుందని సంఘమంతటికీ చెప్పుకున్నాను కూడా.

అయ్యగారు వాక్యం మొదలుపెట్టారు. మాట స్పష్టంగానే ఉంది గానీ రెండో వరుస దాటలేదు.

"ఏమప్పా, నీ పెట్టె నా గొంతు మింగేసినట్టుండాదే" అన్నారాయన. ముందు వరుసలవాళ్లు నవ్వారు.

ప్రతి వారం బయట ప్రహరీ మీద కూర్చుని, గోడకు కట్టిన హారన్ స్పీకర్‌లో ప్రసంగం వింటూ కబుర్లాడే మగవాళ్లు, ఏమీ వినబడక ఒక్కొక్కరే చెప్పులు విడిచి లోపలికొచ్చి, మాట వినిపించేంత ముందుకు జరిగి కూర్చున్నారు.

ఈక్వలైజర్ కొంత శబ్దాన్ని తినేస్తుందనీ, దాన్ని పూడ్చడానికి ఇంకో వాల్వు కావాలనీ నాకు మర్నాడు అర్థమైంది. వాల్వు పట్టుకుని వెళితే అయ్యగారు అడ్డుపడ్డారు.

"వద్దప్పా. ఇన్నేండ్లు నేను అరిచినా లోపలికి రానోళ్లు నిన్న వచ్చినారు. ఆ వాల్వు నీ దగ్గరే పెట్టుకో."

ప్రతి మాటా అందరికీ వినిపించాలనే నేను ప్రార్థించాను. ప్రభువు ఆలకించాడు, నా సర్క్యూట్‌ను నమ్ముకోకుండా.