రాజాం దగ్గర కుట్టిన బేస్‌బాల్

మోటలు మూలపడ్డ ఊళ్ళో మోట కుట్టేవాడు ఏం తిని బతకాలి? ఈ ప్రశ్నే ఊరూరా వాక్యం చెప్పుకుని తిరిగే నన్ను పోయిన మాఘంలో రాజాం దారి పట్టించింది. అక్కడికి దగ్గర్లోని ఒక పేటలో పోలయ్య అనే విశ్వాసి ఉన్నాడు. బావుల్లో నీళ్ళు తోడే తోలు మోటలు కుట్టడం అతని వృత్తి. బావులన్నిటికీ ఆయిలింజన్లు వచ్చి కూర్చున్నాయి. ఇక కలకత్తా జూట్ మిల్లే దిక్కని అతని భార్య సూరమ్మ మూట కడుతోంది. అలాంటి సమయంలో, మా సంఘాలను చూసే అమెరికా దొరగారు స్వదేశం వెళ్ళిపోతూ ఒక మాటన్నారు. వాళ్ళ దేశంలో బేస్‌బాల్ అనే ఆట ఉందట. ఆ బంతిని నేటికీ చేత్తోనే కుడతారట. పోలయ్య ఒకటి కుట్టి ఇస్తే అక్కడి వర్తకులకు చూపిస్తాననీ, నచ్చితే పేటంతటికీ పని దొరుకుతుందనీ చెప్పి, తన పాత బంతి నా చేతిలో పెట్టారు. ఆ బంతిని వాక్యగ్రంథం పక్కన సంచిలో వేసుకుని, దొరగారు విజయనగరంలో సాయంత్రం రైలెక్కే రోజునే బయలుదేరాను.

నరసన్నపేటలో తెల్లవారుజామున బస్సెక్కి శ్రీకాకుళంలో మారితే ఎండ ముదరక ముందే రాజాం చేరతారు. ఖర్చు మూడు రూపాయలు దాటదు. టిక్కెట్టు కొడుతూ కండక్టరు నా సంచిలోకి తొంగిచూశాడు.

"ఏటి అయ్యగారూ, ఈ వయసులో బంతాటకెల్తన్నారా?"

"ఒక ఇంటి కూడు కోసం వెళ్తున్నాను నాయనా."

"అయితే గట్టిగా ఇసరండి!" అన్నాడు. బస్సంతా నవ్వింది.

రాజాం నుంచి పేటకు నడకే. పోలయ్య పాత బంతి కుట్టు తెంచి, పై తోలు ఒలిచాడు. లోపల ఊలు చుట్టిన గట్టి ఉండ. దాన్ని అలాగే ఉంచి, తెల్లతోలు రెండు ముక్కలు కోశాడు. ఒక్కొక్కటీ నడుం సన్నగా ఉన్న వేరుశనగకాయలా ఉంది. నానబెట్టిన ఆ ముక్కలను ఒకదానికొకటి అడ్డంగా ఉండకు తొడిగాడు. మైనం రాసిన ఎర్రదారానికి రెండు కొసలా రెండు సూదులు. ఒకటి ఈ అంచు కిందనుంచి, మరొకటి ఆ అంచు కిందనుంచి పైకి వస్తాయి. వాటిని బిగించి లాగితే విడివిడి అంచులు ఒకదాన్నొకటి కరచుకుంటాయి. మొదటి ముడీ చివరి ముడీ తోలు కిందే దాగిపోతాయి. విడిపోయిన సంఘాలను దేవుడు ఇలా కుట్టకూడదా అని నాలో నేను మొరపెట్టుకున్నాను.

"ఇంత సిన్న మోటతో ఎవుడి సేను తడుపుతావు మావా?" అంది సూరమ్మ.

"అమెరికావోడి సేను. నోరుముయ్యే!"

పోలయ్య బంతిని చెక్కపలక కింద దొర్లించి కుట్టును అణిచాక, నేను గంజి తాగడానికి లోపలికెళ్ళాను. తిరిగి వచ్చేసరికి సూరమ్మ బంతికి ఆముదం పట్టిస్తోంది. "నూనె ముట్టని కుట్టు గడప దాటకూడదయ్యగారూ. మా అత్తకాలం నుంచీ అంతే," అంది. మోటకు అదే ప్రాణం మరి. బంతి నిగనిగలాడుతుంటే నాకూ ముచ్చటేసింది.

పోలయ్యా నేనూ మధ్యాహ్నం బస్సులో చీపురుపల్లికీ, అక్కడినుంచి పాసింజరులో విజయనగరానికీ చేరాం. దొరగారు ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. బంతిని ఎగరేసి పట్టుకోబోయారు. అది వేళ్ళలోంచి జారి నేలమీద పడింది. మళ్ళీ ఎగరేశారు. మళ్ళీ జారింది. జేబురుమాలుతో చేయి తుడుచుకుని నన్ను పక్కకు పిలిచారు.

"విసిరేవాడి వేళ్ళకు పట్టు ఉండవలెను. ఈ తోలు నూనె త్రాగినది. దీనిని వర్తకులకు చూపలేను."

తర్వాత పోలయ్య భుజం తట్టి, "నీ జ్ఞాపకంగా నా బల్లమీద ఉంచుకొందును," అన్నారు. పోలయ్య చేతులు జోడించాడు. దొరగారు ఎక్కగానే బండి కదిలింది.

"ఎన్ని కుట్టమన్నాడయ్యగారూ?" అన్నాడు పోలయ్య.

సంచిలోంచి వాక్యగ్రంథం తీశాను. ఏ పుట చదివి వినిపించాలో తోచలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. పోలయ్య నా చెయ్యి పట్టుకున్నాడు.

"నూనె సంగతి సూరమ్మకి సెప్పకండి. దాని సేత్తో అది రాసినాది, సచ్చిపోద్ది. బస్సు ఆలీసమైపోనాది, దొరగారి బండెల్లిపోనాది, పరుగులో బంతీ పోనాది అని సెప్పండి."

అబద్ధం మీద వీధివీధినా నిప్పులు కురిపించిన నోరు నాది. పేటకు తిరిగొచ్చి ఆ నోటితోనే సూరమ్మకు అలా చెప్పాను. "ఆ బస్సోడి కాళ్ళిరగ!" అని శపించి, ఆమె మళ్ళీ మూట దగ్గర కూర్చుంది.

ఇప్పుడా ఇంటికి తాళం. కొండలను కదిలిస్తుందని నేను చాటే విశ్వాసం తోలులోంచి నూనెను వెనక్కి పిండలేకపోయింది. దేవుడి మౌనాన్ని సమర్థిస్తూ ఇన్నేళ్ళు మాట్లాడాను. ఆ ప్లాట్‌ఫారం మీద ఆ మాటలన్నీ అయిపోయాయి. ఆ పేటలో మిగిలిన ఇళ్ళ తోలుపని చూడాలనుకునేవారు ఉదయం పూటే వెళ్ళండి, తోలు తడిగా ఉన్నప్పుడే కుడతారు. తిరుగుదారిలో మధ్యాహ్నం చీపురుపల్లి బస్సును నమ్మవచ్చు. అది వేళ తప్పదు.