గుండీలే మిగిలాయండీ!

మా వదిన దర్జీ. బట్టలు అందలేదని ఎవరొచ్చి అడిగినా ఆవిడ దగ్గర ఒకటే మాట ఉండేది: "అయిపోయిందండీ, గుండీలే మిగిలాయి." అప్పటికి ఆ గుడ్డ ఇంకా కత్తెర మొహమైనా చూసి ఉండదు.

ఈసారి ఈస్టరుకి ముందొచ్చే నలభై రోజుల శ్రమకాలం మొదలవగానే ఇంట్లో తలా ఒకటి వదిలేశాం. నేను చక్కెర, అన్నయ్య సిగరెట్టు. వదిన ఏకంగా అబద్ధమే వదిలేసింది.

"మాంసం మానెయ్యరాదుటే?" అని అన్నయ్య బతిమాలాడు.

మొదటి దెబ్బ నాకే తగిలింది. ప్యాంటు కొలతలిస్తూ అలవాటుగా ఊపిరి బిగబట్టాను. ఏటా "నువ్వేం మారలేదయ్యా" అనే మనిషి, కొట్టు నిండా జనం ఉండగా టేపు పక్కన పెట్టి, "వదిలెయ్యవయ్యా ఆ ఊపిరి, పోతావ్! పొట్టొచ్చేసింది, ఒప్పుకో" అంది. బెంచీ మీదున్న టీచరమ్మ నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది.

నా పరువుతో ఆగితే బాగుండేది. ఆ వారమే కొత్త హోటలు మేనేజరు గుడ్డల మూటతో వచ్చాడు. పనివాళ్లందరికీ యూనిఫారాలు కావాలట. ఆ ఆర్డరు కోసం అన్నయ్య చెప్పులరిగేలా తిరిగాడు. దాన్ని నమ్ముకునే రెండో మిషను కూడా కొన్నారు.

"సోమవారానికి ఇచ్చేస్తారుగా?"

"కుదరదండీ. గురువారం."

అన్నయ్య గట్టిగా దగ్గాడు. "అంటే, ఆవిడ ఉద్దేశం..."

"నా ఉద్దేశం గురువారమే" అంది వదిన.

"ఎదురు షాపాయన ఆదివారానికే ఇస్తానన్నాడమ్మా."

"అయితే ఆయనకే ఇవ్వండి."

మూట లేచింది. మేనేజరు గుమ్మం దాటగానే అన్నయ్య గొంతు లేచింది.

"సోమవారమని చెప్పి గురువారమిస్తే కొంప మునుగుతుందా? అందరూ చేసేదేగా!"

"అందరూ చేసేదే నేనూ చేస్తే, ఇక మానేసిందేముంది?"

"కొట్టు మూసుకుందామా మరి?"

"మూసుకుందాం! అబద్ధమాడితేనే నడిచే కొట్టయితే మూతబడనీ. నా కుట్టుకి ఎవరైనా వంక పెట్టారా? మరి వచ్చినవాళ్ల ముందల్లా దొంగలా నేలచూపులు చూడటం దేనికి? ఇక చూడను."

ఎదురు షాపాయన మాట తప్పి నవ్వులపాలవుతాడని నేను లోపల్లోపల ఆశపడ్డాను. లేదు. ఆదివారానికి నిజంగానే ఇచ్చేశాడు, మహానుభావుడు. ఆ కబురు అన్నయ్యే మోసుకొచ్చి, వదిన మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. మూలనున్న కొత్త మిషను మీద కప్పిన గుడ్డ ఇంకా తియ్యనే లేదు.

వదిన గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్క అందుకుని, బయటికెళ్లి, కొట్టు తలుపు మీద ఇంతింత అక్షరాలతో రాసింది:

"చెప్పిన రోజుకే ఇస్తాం. తొందరున్నవాళ్లు ఎదురు షాపుకి వెళ్లండి. బాగానే కుడతాడు."

అన్నయ్య చెయ్యి జేబులో సిగరెట్ల కోసం తడుముకుంది.

"ఈస్టరు వెళ్లాకైనా చెరిపేస్తావా?"

"వాన పడితే మళ్లీ రాస్తాను" అంది వదిన, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ.