యలమంద ఇచ్చిన ఢిల్లీ కాయ

యలమందకి మైళ్లూ గంటలూ గిట్టవు. ఏ ఊరు ఎంత దూరమో మామిడికాయతోనే చెబుతాడు. వీరరాఘవయ్యగారి తోటలో కాయలు ఏరి బుట్టల్లో సర్దడం అతని పని. చాట్రాయి నుంచి హనుమాన్ జంక్షన్ ఎంత దూరమంటే, "కోసిన కాయకి సొన ఆరదు" అంటాడు. రైల్లో మద్రాసయితే, "ముచ్చిక దగ్గర పసుపు తిరుగుద్ది."

"మరి కాశీ?" అని ఎవరో ఉడికిస్తే, "టెంక మొలకెత్తుద్ది" అన్నాడు.

ఆ వేసవిలో ఢిల్లీలో మామిడిపళ్ల ప్రదర్శన పెట్టారు. రైల్లో పోతే రసాలు బుట్టలోనే కారిపోతాయని, వీరరాఘవయ్యగారు మద్రాసులో విమానం ఎక్కుతానన్నారు. ఆయన భార్య నాగేశ్వరమ్మకి ఆ మాట విన్నప్పటినుంచి అన్నం సహించలేదు.

"వెయ్యి మైళ్ల పైచిలుకేనే. పొద్దున ఎక్కితే దీపాలవేళకి దిగుతాను. దిగగానే టెలిగ్రాం ఇస్తాను" అని చెప్పి ఆయన బయల్దేరారు.

వెయ్యి మైళ్లు నేలమీదయితే సరే, గాల్లోనా! ఆవిడ యలమందని పిలిపించింది.

"విమానంలో ఢిల్లీ ఎంత దూరం?"

యలమంద కాయల రాశి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఒకటి తీశాడు, వాసన చూశాడు, పక్కన పెట్టాడు. చివరికి ఇంకోటి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇది మెత్తబడేలోగా అయ్యగారి టెలిగ్రాం వచ్చుద్దండి. ఇది గట్టిగా ఉన్నంతసేపూ మీరు నిబ్బరంగా భోంచెయ్యండి."

ఆవిడ భోంచేసింది. ముద్ద ముద్దకీ కాయ నొక్కి చూసుకుంది. పడుకోబోతూ నొక్కింది, లేచి నొక్కింది, విమానం ఎగిరే రోజయితే వదలకుండా నొక్కింది. మర్నాటికి కాయ మెత్తబడింది. టెలిగ్రాం రాలేదు.

"యలమందా! కాయ మెత్తబడిపోయింది! వారికి ఏమైందో ఏంటో!"

యలమంద పరిగెత్తుకొచ్చి కాయ తిప్పి చూసి లబోదిబోమన్నాడు. "ఇది పండలేదండీ! మీరే పిసికి చంపేశారు! ఇట్టా నొక్కేవాళ్లని నా బుట్టల దగ్గరికి రానిస్తానా?"

"మరి టెలిగ్రాం?"

"వచ్చుద్దండి."

"ఎప్పుడు?"

యలమంద కాయని ఆవిడ చేతిలో పెట్టి బుట్టల వైపు జారుకున్నాడు. ఆవిడ అరుగుమీద కూలబడింది.

మధ్యాహ్నానికి టపా జవాను సైకిలు దిగి టెలిగ్రాం చదివి పెట్టాడు. క్షేమంగా చేరాను. పళ్లు కూడా క్షేమం.

నాగేశ్వరమ్మకి ప్రాణం లేచొచ్చింది. జవానుకి మజ్జిగ ఇచ్చి, నలిగిన కాయని పప్పులోకి తరుగుదామని కత్తిపీట ముందు కూర్చుంది. కాయ అడ్డంగా రెండయింది. లోపల టెంకే కట్టలేదు, తెల్లటి జీడి. కంగారులో తను చూసుకోనేలేదు, ఉత్త లేతకాయ. ఇలాంటిది ముడుచుకుపోతుందే తప్ప పండదు.

"యలమందా! ఇది ఎన్నాళ్లుంచినా పండే కాయ కాదుగా!"

యలమంద తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. "టెలిగ్రాం ఆలస్యమైతే మీరు అన్నం మానేస్తారు గదండీ."

"మన కూలీ జోజమ్మ కొడుకు పటాలానికి పోయినప్పుడూ ఇట్టాంటిదే ఇచ్చావా?"

"ఆవిడకి పిందె ఇచ్చానండి. వాడు తిరిగొచ్చేదాకా పండలా."

ఆవిడ పైట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అయ్యగారు తిరిగొచ్చేది రైల్లోనటండి" అన్నాడు యలమంద మెల్లగా. "ఇంకోటి ఇవ్వమంటారా?"

"ఇవ్వు. కాస్త పెద్దది చూసి ఇవ్వు. పప్పు రెండు పూటలకి రావాలి."