రోసమ్మ విప్పి చూపించిన స్టిక్

మెట్టుగూడ రోసమ్మ ఇరవై ఆరేళ్లు రేడియోలకు వాల్యూమ్ కంట్రోళ్లు చేసే చిన్న కార్ఖానాలో పనిచేసింది. బయట గుండీ తిప్పితే లోపల నల్లటి కార్బన్ పూత మీద సన్నటి రేకు జారుతుంది. దాన్నిబట్టే శబ్దం పెరగడం, తగ్గడం. ఆ రేకును వంకర పోకుండా కూర్చోబెట్టడం ఆమె పని. కార్ఖానా ఎప్పుడో మూతపడింది.

మొన్న ఎండాకాలం ఆమె కూతురు ప్రిసిల్లా పనిచేసే కాలేజీలో వీడియో గేముల ప్రదర్శన పెట్టారు. "ఏసీల జెర చల్లగుంటది, రా అమ్మా" అని ప్రిసిల్లా తీసుకుపోయింది. ఒక బల్ల మీద గేమ్ కంట్రోలర్‌ను విప్పి పెట్టారు. బొటనవేలితో తిప్పే పుల్ల, దానికి ఆనుకుని రెండు చిన్న డబ్బీలు. రోసమ్మ వంగి చూసింది.

"గివి మేం చేసిన వాల్యూమ్ కంట్రోళ్లే గదా! ఒకటి కుడి ఎడమలకు, ఒకటి పైకి కిందికి."

బల్ల దగ్గరున్న లెక్చరర్ ఆశీష్ నవ్వాడు. "రేడియో సామాను కాదాంటీ. అనలాగ్ స్టిక్. ఇంజనీర్లు 1996లో కనిపెట్టిండ్రు." వెనకాల బోర్డు మీదా అదే రాసి ఉంది.

రోసమ్మకు ఒళ్లు మండింది.

"ఏందీ కనిపెట్టుడు? ఎనభై నాలుగుల మా సూపర్‌వైజర్ రఘునాథ్ సార్ ఫారిన్ గేమ్ మెషిన్ తెచ్చిండు. ఆయన బామ్మర్ది ఓడల మీద పనిచేస్తుండె. దానికి గిట్లాంటి పుల్లనే. ఎంత నూకితే గంత జోరు. లోపల కంట్రోల్ అరిగితే నేనే మార్చిన."

"మీరు పొరపాటు పడుతున్నరేమో."

"పొరపాటా? పాడైందేమన్న ఉంటే తే!"

అలాంటి కంట్రోలర్ ఒకటి ఉంది. చెయ్యి తీసేసినా తెర మీద బొమ్మ తనంతట తానే ఎడమకు నడుస్తోంది. రోసమ్మ స్క్రూడ్రైవర్ అడిగి విప్పింది, డబ్బీ మూత గోటితో లేపింది. కార్బన్ మీద తెల్లటి గీత పడి ఉంది. "చూడు, అరిగి పొడి చేరింది. రేడియో గరగరమనేది సుత గిందుకే." దూది, స్పిరిట్ తెప్పించి తుడిచి బిగించింది. బొమ్మ ఆగింది.

అప్పుడు గానీ ఆశీష్ ఫోన్ తీసి వెతకలేదు. "నిజమేనాంటీ. డెబ్బైలల్లనే ఇట్లాంటి స్టిక్కులు వచ్చినయట. సారీ." బోర్డు మీది సంవత్సరం కనబడకుండా కాగితం అంటించాడు.

"లోపల ఏమున్నదో సుత రాయి."

"బోర్డు మీద జాగ లేదాంటీ."

"ఇంజనీర్లకు ఉన్న జాగ చేసినోళ్లకు లేదా?"

అడుగున చిన్న అక్షరాలతో రాశాడు. సెల్ఫీ అడిగితే రోసమ్మ వద్దంది.

బస్సులో ప్రిసిల్లా, "సారీ చెప్పిండు గదమ్మా" అంది.

"ఎప్పుడు చెప్పిండు? నా చేతులు చూసి నమ్మలే. ఫోన్ చూసి నమ్మిండు."

తర్వాతి వారం పిల్లలకు విప్పి చూపించమని కాలేజీ నుంచి పిలుపొచ్చింది. వెళ్లింది, చూపించింది. ఆశీష్‌తో మాత్రం మాట్లాడలేదు.