కళ్ళద్దాల షాపులో నా సైకాలజీ

ఆ రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, మా యూసుఫ్‌గూడ బస్తీలో బి.ఎ. అంటేనే పెదవి విరిచేవారు. సైకాలజీతో బి.ఎ. అంటే, విరవడానికైనా ముందు అదేమిటో తెలియాలి కదా! మా పెద్దనాయినకు తెలియలేదు. "గది చదివితే ఏమైతది బిడ్డా?" అన్నాడు. "మనుషుల మనసులు అర్థమైతయి పెద్దనాయినా" అన్నాను గొప్పగా. "మంచిదే. జీతమెంతొస్తది?" అన్నాడు. ఆ ప్రశ్న మా సిలబస్‌లో లేదు.

నా ఫీజులు కట్టింది అక్క. తను నర్సు. ఆస్పత్రి ఉద్యోగుల సొసైటీలో నా కోసం మూడు వేలు అప్పు తీసుకుంటే, నెలనెలా జీతంలో తొంభై రూపాయలు కోసేవారు. ఇంకో ఏడాది చదివి, నర్సుల మీద పెద్దగా ఉండే వార్డు సిస్టర్ కావాలని తనకు ఆశ. అప్పు తీరేదాకా దాన్ని పక్కన పెట్టింది. నా డిగ్రీ అయ్యాక ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి ఇద్దరం లెక్క వేశాం. ఆరు నెలలు టైపు నేర్చుకున్న మా బాబాయి కూతురికి లక్డీకాపూల్ ఆఫీసులో ఆరు వందలు. మూడేళ్ళు మనసులు చదివిన నాకు పంజాగుట్టలో కళ్ళద్దాల షాపు కౌంటరు దగ్గర మూడు వందల యాభై. నా ముఖం చూసి అక్కే, "ఫికర్ చెయ్యకు, ఎక్కడనో పనికొస్తదిలే" అంది. ఇకనుంచి ఆ తొంభై నేనివ్వాలని ఒప్పందం.

మేమంతా భాయ్ అని పిలిచే షాపు యజమాని ఒక్కడే నా డిగ్రీకి మురిసిపోయాడు. "దిమాగ్ చదివినవ్ గదా బేటీ! గిరాకీ మొహం చూస్తే నీకు సమజ్ కావాలె" అన్నాడు. నిజానికి నా పని డాక్టరు చీటీలోని నంబర్లు ఆర్డరు పుస్తకంలోకి ఎక్కించడం, అద్దాలు తయారై వచ్చాక మనిషికి అప్పగించడం. ఇందులో సైకాలజీని ఏం చేసుకోను? (జాగ్రత్త కావాలి. అది వేరే సంగతి.)

శ్రీనగర్ కాలనీలో ఉండే ఒక రిటైరైన మాస్టారు మా దగ్గర కళ్ళద్దాలు చేయించుకున్నారు. వారం తిరక్కుండా వచ్చి, "అక్షరాలు అలుక్కుపోతున్నాయమ్మాయ్" అన్నారు. కొత్తవి కదా, అలవాటవుతాయన్నాను. మళ్ళీ వచ్చారు. ఫ్రేము కాస్త వంచి ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు భాయ్ నమాజుకు వెళ్ళాడు, షాపు ఖాళీగా ఉంది, నా మూడేళ్ళ చదువు గొంతు దాకా వచ్చి కూర్చుంది. స్టూలు వేసి కూర్చోబెట్టి ఇంటి సంగతులు అడిగాను. భార్య పోయి ఎనిమిది నెలలట. ఉదయాన్నే ఆవిడ పేపరు చదువుతుంటే ఆయన కాఫీ తాగుతూ వినేవారట. ఇంకేం కావాలి నాకు! "మాస్టారూ, లోపం అద్దాల్లో లేదండీ. మీకు చదవాలని లేదు. మనసు వద్దంటోంది కాబట్టి కళ్ళు ఒప్పుకోవడం లేదు" అన్నాను. ఆయన "అయ్యుంటుందమ్మా" అని కళ్ళద్దాలు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం బస్సు కోసం అమీర్‌పేట దాకా నేలమీద నడిచిన గుర్తు లేదు నాకు.

రెండు వారాల తర్వాత భాయ్ ఏదో పాత ఆర్డరు వెతుకుతూ పుస్తకం తిప్పి, మూడుసార్లు తిరిగిన మాస్టారి పేరు కనబడితే ఆయన చీటీ పక్కన పెట్టి చూసి, నన్ను పిలిచాడు. కుడి కంటి నంబరు ఎడమకు, ఎడమది కుడికి రాసి ఉంది. దస్తూరీ నాదే. "బీమారి గాయన దిమాగ్‌ల లేదు బేటీ, నీ రాతల ఉంది" అన్నాడు. కోప్పడి ఉంటే బాగుండేది. "జర నువ్వే పోయి చెప్పు" అన్నాడు అంతే.

శ్రీనగర్ కాలనీ వరకు నడుస్తూ ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. మాస్టారు తలుపు తీశారు. నుదుటి మీద చిన్న ప్లాస్టరు. ఆ కళ్ళద్దాలతో మెట్టు కనబడక పడితే తగిలిందట. నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే జరిగింది చెప్పాను. ఆయన విని, "అయితే నా మనసు బాగానే ఉందన్నమాట!" అని నవ్వారు. రెండు వారాలుగా తనకేదో అయిపోయిందని బెంగపడి, కూతురికి ఉత్తరం కూడా రాశారట. తర్వాత నవ్వు ఆపి, "కానీ అమ్మాయ్, పేపరు విప్పాలని లేకపోవడం మాత్రం నిజమే. ఎవరూ అడగలేదు, నువ్వు అడిగావు" అన్నారు.

కొత్త అద్దాల ఖరీదు డెబ్బై రూపాయలు నా జీతంలో పోయింది. ఆ నెల అక్కకు ఇరవయ్యే ఇచ్చి, ఎందుకో చెప్పాల్సి వచ్చింది. అక్క మంచం మీద కూలబడి నవ్వింది. "మూడు వేలు పెట్టి చదివిస్తే కుడి ఏదో ఎడమ ఏదో చెప్పలేదానే మీ సారు?" నాకు నవ్వు రాలేదు. ఆ డెబ్బై వల్ల తన చదువు ఇంకాస్త వెనక్కి జరిగిందని నాకు తెలుసు. చివరికి అప్పు తీర్చి, తను అనుకున్నదానికి రెండేళ్ళు ఆలస్యంగా ఆ చదువులో చేరింది. వార్డు సిస్టర్ అయింది కూడా.

నేనూ ఆ తర్వాత ఇంకొంత చదివి, ఒక బడిలో పిల్లల మాటలు వినే ఉద్యోగంలో కుదిరాను. టైపు నేర్చిన చెల్లెలి జీతాన్ని ఎన్నడూ దాటలేదు. ఇప్పుడు కళ్ళద్దాలు లేనిదే నాకూ పూట గడవదు. కొత్తవి పెట్టుకున్నప్పుడల్లా ఆ ఇరవై ఒక్కేళ్ళ పిల్ల గుర్తొస్తుంది. ఒక్క గంటలో ఒక ముసలాయన మనసంతా చదివేసి, తీర్పు కూడా చెప్పేసింది. నవ్వొస్తుంది, కొంచెం అసూయగానూ ఉంటుంది. ఇన్నేళ్ళు ఇదే పని చేశాక, ఎదురుగా కూర్చున్న పిల్లవాడి గురించి అంత ధైర్యంగా ఒక్క మాట చెప్పమంటే, నా వల్ల కాదు.